ఇంజన్ దించమన్నారా? ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కడప. రాయచోటి దగ్గర ఒక హైస్కూల్లో టీచరుగా చేస్తున్నాను. నేనూ, ఇంకో ఇద్దరు టీచర్లూ రోజూ నా కారులోనే పోయి వస్తాం. 2014 మోడల్ వ్యాగన్‌ఆర్, పెట్రోలు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ఇంజన్‌లో ఏదో శబ్దం. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని కొట్టుకుని ఆగిపోతుంది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మళ్లీ గలగలమంటుంది, ఏసీ వేసి ఉంటే ఇంకా ఎక్కువ. ఒక మెకానిక్ బోనెట్ ఎత్తి కాసేపు విని ‘బోరు పోయింది, ఇంజన్ దించాల్సిందే, 45 వేలు అవుతుంది’ అన్నాడు. ఇంకొకాయన టైమింగ్ చైన్ అన్నాడు. ఆ మాటలైనా నాతో చెప్పలేదు, పక్కన నిలబడ్డ మా ఆయనతో చెప్పారు. ఆయనకు డ్రైవింగే రాదు! ఇంట్లోనేమో అమ్మి పారేయమంటున్నారు. ఈ మధ్యే సర్వీసు కూడా చేయించాం, మా మామ చెప్పాడని ఈసారి కాస్త చిక్కటి ఆయిల్ పోయించాం. అయినా ఇలా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక టీచర్, కడప

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీరు రాసినదాన్ని బట్టి ఇంజన్ దించే అవసరం నాకైతే ఇప్పటికి కనిపించడం లేదు. అమ్మే మాట కూడా పక్కన పెట్టండి. శబ్దం చేసే కారును చూపిస్తే కొనేవాడు ఆ 45 వేలూ ముందే కోసేసి బేరం మొదలుపెడతాడు.

మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్లో పడేశారు. శబ్దం మొదలై నెల అంటున్నారు, సర్వీసు ఈ మధ్యే చేయించామంటున్నారు, అందులో ఆయిల్ కూడా మార్చి పోయించారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది సర్వీసు బిల్లు మీది తేదీతో పోల్చి చూసుకోండి. శబ్దం సర్వీసు తర్వాతే మొదలై ఉంటే నేనైతే బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) జోలికి వెళ్లను, ఆ సర్వీసులో ఏం చేశారో అక్కడినుంచే మొదలుపెడతాను.

ఇంకో విషయం. మీరు చెప్పినవి రెండు శబ్దాలు. పొద్దుటి టకటక వేరు, ఘాట్‌లో గలగల వేరు. మెకానిక్కులు ఆ రెండింటినీ ఒకే జబ్బు కింద జమకట్టినట్టున్నారు. సంబంధం ఉంటే ఉండొచ్చు గానీ, చూడటం మాత్రం విడివిడిగానే చూడాలి.

ఒకరికి టకటక అనిపించింది ఇంకొకరికి కటకట అనిపిస్తుంది. అందుకని కర్నూలులో మా షెడ్డుకు వచ్చినవాళ్లను నేను ముందు అడిగేది ఆ శబ్దం ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అని. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే వచ్చి రెండు మూడు సెకన్లలో పోయిందంటే, చాలావరకు అది ఆయిల్ పైకి చేరేలోపు వచ్చే శబ్దం. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ కిందికి దిగి ఇంజన్ అడుగున ఉండే సంపు అనే తొట్టిలో చేరుతుంది. తాళం తిప్పగానే పంపు దాన్ని మళ్లీ పైన, వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ దాకా ఎక్కించాలి. మీ కారులో ఉన్నది మూడు సిలిండర్ల 998 సీసీ ఇంజన్. కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌నూ పైనున్న కామ్‌షాఫ్ట్‌నూ కలిపి తిప్పడానికి దానికి టైమింగ్ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటుంది. ఆ చైన్‌ను బిగించి పట్టే టెన్షనర్ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఒత్తిడి అందేదాకా చైన్ వదులుగా ఉండి లోపల కొట్టుకుంటుంది. చైన్ అన్న రెండో మెకానిక్ మాట అందుకే పూర్తిగా తీసిపారేయలేను. కాకపోతే చైన్ అరిగిందా, దానికి ఆయిల్ ఆలస్యంగా అందుతోందా అన్నది ఆయన చూడలేదు.

అదే శబ్దం నాలుగైదు నిమిషాలు ఉండి, ఇంజన్ వేడెక్కే కొద్దీ మెల్లగా తగ్గిందనుకోండి, అప్పుడు సంగతి వేరు. వేడికి లోహం పెరిగి సందు మూసుకుంటోందన్నమాట. పాత ఇంజన్‌లో పిస్టన్ బోరు గోడకు తగులుతూ ఉండటం, ఇంజన్ నుంచి పొగ బయటికి పోయే మానిఫోల్డ్ గొట్టం అతుకులో ఉండే గాస్కెట్ దగ్గర పొగ లీక్ కావడం ఇలాగే ఉంటాయి. గాస్కెట్ లీకైతే అక్కడ నల్లటి మసి చార కనిపిస్తుంది. పిస్టన్ అయితే, వేడెక్కాక పూర్తిగా పోతున్నంతకాలం ఏళ్ల తరబడి నడిచిన బండ్లున్నాయి.

నాకు నిజంగా భయం వేసేది మూడో రకానికి. చల్లగా ఉన్నప్పుడు ఏమీ ఉండదు. ఇంజన్ బాగా వేడెక్కాక లోపలి నుంచి దడదడమని బరువైన దెబ్బ మొదలవుతుంది, రేస్ ఇచ్చే కొద్దీ పెరుగుతుంది. వేడికి ఆయిల్ పలచబడి, పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ అరిగిన బేరింగుల్లో నిలవలేకపోతే అలా వస్తుంది. మీరు రాసినదాంట్లో అది లేదు.

రేపు పొద్దున స్టార్ట్ చేయకముందే బోనెట్ ఎత్తండి. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి, వాలులో పెట్టి చూస్తే తప్పు చూపిస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే సన్నటి కడ్డీ) లాగి, పాత తెల్లబట్టతో తుడిచి, మళ్లీ చివరిదాకా గుచ్చి తీయండి. చివర రెండు గుర్తులుంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య, పై గుర్తుకు దగ్గర్లో ఉండాలి. కింది గుర్తు దగ్గరో, ఇంకా కిందో ఉంటే శబ్దానికి కారణం దాదాపు దొరికినట్టే. కింది గుర్తు నుంచి పై గుర్తుకు చాలా కార్లలో లీటరు దాకా పడుతుంది. అలాగని లీటరూ ఒకేసారి గుమ్మరించకండి, పావు లీటరు చొప్పున పోసి, కాసేపు ఆగి, మళ్లీ చూసుకోండి. పై గుర్తు దాటితే తిరిగే క్రాంక్‌షాఫ్ట్ తగిలి ఆయిల్ నురగ కడుతుంది, నురగతో ఒత్తిడి నిలవదు, మళ్లీ మొదటికొస్తుంది.

ఆ బట్టను వెంటనే పారేయొద్దు. వెలుతురులోకి తెచ్చి మరకను చూడండి. నల్లగా ఉంటే ఏమీ కాదు, తిరిగిన ఆయిల్ నల్లబడుతుంది. తెల్లగా, పాలు కలిసిన రంగులో ఉంటే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ నీళ్లు) ఆయిల్‌లోకి పోతోందని అనుమానించాలి. అలాగైతే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి. రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి, గరుకు తగలకూడదు. ఎండలో పెట్టి వంచితే మెరుపు రజను కనిపించకూడదు. పెట్రోలు వాసన గుప్పుమన్నా మంచిది కాదు.

ఇప్పుడు మీ మామగారి సలహా. ఆయన మంచికే చెప్పారు. పాత బండికి చిక్కటి ఆయిల్ పోయాలన్నది మన రాయలసీమ షెడ్లలో బాగా నాటుకుపోయిన నమ్మకం. అంబాసిడర్ల కాలంలో అది నడిచింది. ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ-50 అనో 5డబ్ల్యూ-30 అనో రాసి ఉంటుంది. ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, అంకె చిన్నదైతే త్వరగా పారుతుంది. వెనకున్నది ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఈ తరం చిన్న పెట్రోలు ఇంజన్లలో బేరింగుల సందులు, ఆయిల్ దారులు సన్నగా ఉంటాయి, వాటికి మామూలుగా 5డబ్ల్యూ-30 లాంటి పలచని ఆయిలే చెబుతారు. మీ కారుతో వచ్చిన పుస్తకం డ్యాష్‌బోర్డ్ అరలో ఉంటే తీసి చూడండి, అందులో ఏ గ్రేడు ఉంటే అదే పోయించండి. కడపలో చలి ఎక్కడుంది అనొద్దు. ఇంజన్ లోపల వంద డిగ్రీల దగ్గర పనిచేసే ఆయిల్‌కు మన పొద్దుటి పాతిక డిగ్రీలు కూడా చల్లనే.

చిక్కటి ఆయిల్‌తో ఇంకో చిక్కుంది. వేడెక్కాక అది చిన్న చిన్న శబ్దాలను కప్పేస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి అమ్మే ముందు కొందరు కావాలనే ఆ పని చేస్తారు. మీ ఇంజన్ ఏం చెబుతోందో మనకు తెలియాలంటే ముందు ఆ ముసుగు తీయాలి.

ఆయిల్ కంటే నాకు ఎక్కువ అనుమానం ఫిల్టరు మీద. ఆయిల్ ఫిల్టరు లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. ఇంజన్ ఆపాక ఫిల్టరులో ఉన్న ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపడం దాని పని. డూప్లికేట్ ఫిల్టర్లలో ఆ రబ్బరు నాసిగా ఉంటుంది, కొన్నాళ్లకే గట్టిపడి సరిగ్గా మూసుకోదు. పైన డబ్బా, రంగు, అక్షరాలు మాత్రం అచ్చం అసలుదాని మాదిరే ఉంటాయి. అప్పుడు రాత్రికి రాత్రి ఫిల్టరు ఖాళీ అయిపోతుంది. పొద్దున పంపు ముందు దాన్ని నింపాలి, తర్వాతే ఆయిల్ పైకి పోతుంది. మీ రెండు మూడు సెకన్లు అక్కడే పోతున్నాయని నా అంచనా.

ఇది తేల్చుకోవడానికి మీకు పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. స్కూలు దగ్గర కారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలోనే నిలబడి ఉంటుంది కదా. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు రేడియో ఆపి, తోటి టీచర్లను రెండు నిమిషాలు మాటలు ఆపమని చెప్పి, అద్దాలు దించి స్టార్ట్ చేయండి. అప్పుడూ టకటక వచ్చిందంటే చలికీ ఆయిల్ చిక్కదనానికీ సంబంధం తక్కువ. నిలబడి ఉన్నంతసేపూ ఆయిల్ కిందికి జారుతోందన్నమాట, అనుమానం ఫిల్టరు మీదికి గట్టిగా మళ్లుతుంది. సాయంత్రం ఏమీ లేకుండా పొద్దున మాత్రమే వస్తుంటే ఆ చిక్కటి ఆయిల్‌నే ముందు నిలదీయాలి. ఎటొచ్చీ మందు ఒకటే: పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్ దాదాపు మూడు లీటర్లు, నమ్మకమైన చోట బిల్లు మీద కొన్న అసలు ఫిల్టరు. రెండు మూడు వేలలోపు అయిపోయే పని.

పాత ఫిల్టరు మాత్రం షెడ్డులో వదిలేసి రావద్దు. కోయించి చూడండి. కోసేటప్పుడు హ్యాక్సా బ్లేడు పెట్టనివ్వకండి, బ్లేడు రాల్చే ఇనప రజనే లోపల పడి, ఇంజన్ అరిగిపోయిందని అందర్నీ హడలగొడుతుంది. ఉలితోనో, రేకు కత్తెరతోనో అంచు విప్పదీయాలి. లోపల మడతలు మడతలుగా కాగితం ఉంటుంది. దాన్ని ఊడదీసి, ఆయిల్ పిండేసి, తెల్లకాగితం మీద పరిచి ఎండలో చూడండి. మడతల మధ్య ఒకటి రెండు నల్లటి నలుసులు ఉంటే పర్వాలేదు. సన్నటి మెరుపు రేకులు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, చైన్ నుంచో ఇంకేదైనా భాగం నుంచో వచ్చి ఉండొచ్చు. అయస్కాంతానికి అంటని వెండి రంగు, రాగి రంగు పొట్టు కనిపిస్తే బేరింగ్ లోహం కావచ్చు, అప్పుడు మాత్రం ఇంజన్ విప్పే మాట సీరియస్‌గా మాట్లాడుకోవాలి. విని చెప్పే జోస్యాల కంటే నేను ఈ కాగితాన్నే నమ్ముతాను.

ఆయిలూ ఫిల్టరూ మార్చాక కూడా పొద్దుటి శబ్దం పోకపోతే అప్పుడు చైన్, టెన్షనర్ వంతు. చైన్ బాగా సాగితే శబ్దం స్టార్టింగ్‌తో ఆగదు, బండి నిలబడి ఇంజన్ మెల్లగా తిరిగే ఐడ్లింగ్‌లో కూడా, బయట ఏసీని తిప్పే బెల్ట్ ఉన్న వైపు నుంచి కరకర వినిపిస్తుంటుంది. చెక్ ఇంజన్ దీపం వెలగొచ్చు. స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర ఉండే సాకెట్‌కు స్కానర్ పెట్టిస్తే పి0016 లాంటి కోడ్ కనిపించొచ్చు. క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడుకూ కామ్‌షాఫ్ట్ తిరుగుడుకూ పొంతన తప్పిందని దాని అర్థం. చైన్ కిట్ మార్చడం ఖర్చున్న పనే కానీ, బోరు పనితో సమానం కాదు.

ఇక గువ్వలచెరువు. ఆ ఘాట్ మీద మీరు ఎలా ఎక్కుతున్నారో నేను ఊహించగలను. ముందు సిమెంటు లారీ పాకుతూ ఉంటుంది, వెనక బస్సు హారన్ కొడుతుంటుంది, కారులో ముగ్గురు, ఏసీ ఆన్‌లో, మీరు నాలుగో గేర్లోనే ఉండి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతారు. రేకు డబ్బాలో శెనక్కాయ విత్తనాలు వేసి ఊపినట్టు సన్నటి గలగల వస్తుంది. అవునా? అయితే ఈసారి అదే మలుపులో, శబ్దం వస్తుండగానే మూడో గేర్లోకి దించండి. అక్కడికక్కడే ఆగిపోయిందంటే దాన్ని మేం నాకింగ్ అంటాం. సిలిండర్లో స్పార్క్ వెలిగించిన మంట పూర్తిగా పాకకముందే, మిగిలిన పెట్రోలు-గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను భగ్గుమనడం వల్ల వచ్చే శబ్దమది. ఇంజన్ తక్కువ చక్కర్లు తిరుగుతూ ఎక్కువ బరువు లాగేటప్పుడు ఎక్కువగా వస్తుంది. ఏసీ అంటే ఇంకో బరువు, అందుకే మీకు ఏసీతో పెరుగుతోంది.

చిన్న ఇంజన్ రేస్ ఎక్కితే అరుస్తుందే తప్ప పాడవదు. ఘాట్‌లో మూడులో, అవసరమైతే రెండులో ఎక్కండి, మూడు వేల ఆర్‌పీఎం దాటినా కంగారుపడకండి. పెట్రోలు ఆదా అవుతుందని పై గేర్లో మూలిగించి లాగడమే దానికి హాని. ఎక్కువకాలం నాకింగ్‌తోనే నడిపితే పిస్టన్లు దెబ్బతింటాయి.

గేరు మార్చితే తగ్గినా, ఇంతకుముందు లేని నాకింగ్ ఇప్పుడే ఎందుకొచ్చిందన్న ప్రశ్న మిగులుతుంది. మొదట వేడి చూడాలి. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక కూలెంట్ డబ్బాలో మట్టం చూడండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పనే వద్దు, మరిగే నీళ్లు ముఖం మీద కొడతాయి. ఘాట్ ఎక్కి గువ్వలచెరువులో పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు, ఆ రెండు నిమిషాలు ఇంజన్ ఆపకుండా ఏసీ వేసి ఉంచి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే దోషి దొరికినట్టే. రేడియేటర్ ముందున్న ఏసీ జాలీలో దుమ్ము, పురుగులు పేరుకుపోతే కూడా వేడి పెరుగుతుంది, నీళ్లు మెల్లగా కొట్టి కడిగించండి. తర్వాత స్పార్క్ ప్లగ్గులు. సర్వీసులో మార్చి ఉంటే సరైన నంబరువే వేశారా అని అడగండి. పెట్రోలు బంకు మార్చి ఒక ట్యాంకు వాడి చూడటంలోనూ తప్పు లేదు. ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే ఈ గలగల అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. ఇథనాల్ కలిస్తే ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) పెరుగుతుంది, నాకింగ్ తగ్గాలి. మీది 2014 బండి, 20 శాతం ఇథనాల్ కోసం తయారైంది కాదు కాబట్టి మైలేజీ కాస్త పడిపోవచ్చు, పాత రబ్బరు గొట్టాలను ఒకసారి చూపించుకోవడం మంచిది. అది వేరే లెక్క.

గేరు మార్చినా శబ్దం పోలేదు, బండి నిలబెట్టి రేస్ ఇచ్చినా ఒక దగ్గర గలగలమంటోంది అంటే అది ఇంజన్ లోపలిదే కాకపోవచ్చు. సైలెన్సర్ గొట్టం మీద, మానిఫోల్డ్ మీద వేడి తగలకుండా పలచటి రేకులు ఉంటాయి. పదేళ్లకు వాటి బోల్టుల చుట్టూ తుప్పు తిని వదులవుతాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చిన్న కర్రతో తట్టి చూడండి, అదే గలగల వినిపిస్తుంది. పెద్ద హోస్ క్లిప్ ఒకటి చుట్టి బిగిస్తే అయిపోతుంది. మన రోడ్ల మీద కంకర రాయి ఎగిరి రేకుకూ గొట్టానికీ మధ్య ఇరుక్కున్న బండ్లు కూడా చూశాను.

బండి నిలబడి ఉండగా ఏసీ వేస్తే వచ్చి, ఆపితే పోయే శబ్దమైతే కంప్రెసర్ క్లచ్, దాని బ్రాకెట్ బోల్టులు, బెల్ట్, పల్లీ (బెల్ట్ తిరిగే చక్రం) బేరింగులు చూడాలి. మీ కారు పవర్ స్టీరింగ్ కరెంటుతో పనిచేసేది, దానికి పంపు లేదు, కాబట్టి ఆ అనుమానం తీసేయొచ్చు. కీచుమంటుంటే బెల్ట్. జుయ్‌మని మూలుగుతుంటే బేరింగ్. ఏ పల్లీయో తేల్చడానికి మెకానిక్కులు పొడుగు స్క్రూడ్రైవర్ మొనను దాని బోల్టు మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ఆ పని వాళ్లనే చేయనివ్వండి. మీరు బోనెట్ దగ్గర నిలబడేటప్పుడు కొంగో, చున్నీయో నడుముకు దోపుకోండి, జడ వెనక్కి వేసుకోండి. తిరిగే బెల్ట్ దయ చూపదు, ఫ్యాన్ ఎప్పుడు తిరగడం మొదలుపెడుతుందో చెప్పలేం.

శబ్దం ఇంజన్‌దని అందరూ అనుకుని కానిచోట చేయిపెట్టిన సందర్భాలు కోకొల్లలు. ఆదోని వైపు నుంచి మా షెడ్డుకు వచ్చిన ఒక కారుకు అంతకుముందే ఇంకెక్కడో ఇంజన్ దించి, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మార్చి, మళ్లీ ఎక్కించారు. శబ్దం మాత్రం చెక్కుచెదరలేదు. క్లచ్ పెడల్ తొక్కి చూస్తే ఆగిపోయింది, వదిలితే మళ్లీ వచ్చింది. గేర్‌బాక్స్ ముందు బేరింగ్ అది. మీరూ బండి న్యూట్రల్‌లో నిలబెట్టి క్లచ్ తొక్కి చూడండి. తొక్కితే ఆగితే గేర్‌బాక్స్ వైపు, తొక్కితేనే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగ్ వైపు చూడాలి. రెంటికీ మారకపోతే ఇంజన్ వైపే.

ఇంకా కొన్ని శబ్దాలకు అసలు భయపడక్కర్లేదు. బోనెట్ ఎత్తితే ఇంజెక్టర్లు టిక్ టిక్ మంటుంటాయి, పెట్రోలు బండికి అది మామూలే. మూడు సిలిండర్ల ఇంజన్ ఐడ్లింగ్‌లో కాస్త వణుకుతుంది. ఆ వణుకు ఈ మధ్య ఎక్కువైతే ఇంజన్ మౌంట్ రబ్బర్లు చూపించండి.

బోరు పోయిందన్న మాటకు వస్తాను. బోరు, రింగులు అరిగితే ఆ సంగతి శబ్దం కంటే ముందు వేరేచోట తెలుస్తుంది. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంది, ఆయిల్ తరచూ తగ్గిపోతుంది, ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ తోసుకొస్తుంది. ఘాట్‌లో పికప్ చచ్చిపోతుంది. వీటిలో ఒక్కటీ మీరు రాయలేదు. అయినా తేల్చుకోవాలంటే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలవడం) చేయించండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో గేజ్ పెట్టి, ఇంజన్‌ను స్టార్టర్‌తో తిప్పుతారు. మూడు సిలిండర్లూ దాదాపు ఒకే అంకె చూపిస్తే మీ ఇంజన్‌కు అంత తొందరేం లేదు. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ సిలిండర్లోకి చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూస్తారు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. గేజ్ లేని మెకానిక్ 45 వేల పని చెబితే, ఆ గేజ్ ఉన్న షెడ్డుకు పోయి వచ్చాక మాట్లాడదామని చెప్పండి. కోపం తెచ్చుకునేవాడైతే వేరేచోటికి పోవడమే మేలు.

మెకానిక్ దగ్గర మీ ఆయన్ను బండిలోనే కూర్చోబెట్టండి. బండి నడిపేది మీరు, శబ్దం విన్నదీ మీరే. ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి: పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు డ్యాష్‌బోర్డ్ కనిపించేలా ఒకటి, ఘాట్‌లో పక్కన కూర్చున్న టీచరుతో తీయించిన ఒకటి. ‘ఏదో శబ్దం వస్తోంది’ అంటే ఆయన ఊహించుకుంటాడు. ‘పొద్దున మూడు సెకన్లు, నాలుగో గేర్లో ఎక్కుతుంటే ఒకటి, మూడో గేర్లో లేదు’ అంటే ఊహకు చోటుండదు. పొద్దుటి శబ్దం వినిపించాలంటే ముందురోజు సాయంత్రమే కారు షెడ్డులో వదిలి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పండి. వేడి ఇంజన్ దగ్గర నిలబడి పొద్దుటి జబ్బు గురించి చెప్పేవి కబుర్లే.

ఈలోపు స్కూలుకు పోవచ్చా అంటే, ఆయిల్ మట్టం సరిగ్గా ఉంటే పోవచ్చు. ఒక్క షరతు. డ్యాష్‌బోర్డ్ మీద నూనెడబ్బా బొమ్మతో ఎర్రదీపం ఉంటుంది. తాళం తిప్పగానే వెలిగి, స్టార్ట్ అయిన వెంటనే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ దీపమో, స్విచ్చో పోయిందని అర్థం, ముందు అది బాగుచేయించండి. దారిలో అది వెలిగితే, లేదా ముందు చెప్పిన ఆ బరువైన దడదడ మొదలైతే ముందున్న ఊరిదాకా పోదామని చూడొద్దు. ఘాట్ అయినా సరే సురక్షితమైన పక్కకు తీసి, ఇంజన్ ఆపి, వెనక వచ్చే లారీలకు కనిపించేలా త్రికోణం బోర్డు దూరంగా పెట్టి, టోయింగ్ బండిని పిలవండి. ఆయిల్ ఒత్తిడి లేకుండా కాసేపు నడిచినా చాలు, మీ మెకానిక్ చెప్పిన 45 వేల పని అప్పుడు నిజంగానే తగులుతుంది.

ఆయిలూ ఫిల్టరూ మార్పించాక వారం రోజులు నడిపి నాకు మళ్లీ రాయండి. ఆ ఉత్తరంలో పాత సర్వీసు తేదీ, పోసిన ఆయిల్ గ్రేడు, కోసిన ఫిల్టరు కాగితం ఫోటో, సాయంత్రం స్టార్టింగ్‌లో శబ్దం వచ్చిందా లేదా, ఘాట్‌లో మూడో గేర్లో ఏమైంది, ఇవన్నీ ఉండాలి.